రెండో డివిజన్ సీజన్‌కు ముందు కాగితం మీద చేయవలసిన పని

ఆన్‌లైన్ సిమ్ రేసింగ్ (కంప్యూటర్‌లో స్టీరింగ్, పెడళ్లతో ఆడే కార్ల పందెం) లీగులో కొత్త సీజన్ క్యాలెండర్ వెలువడగానే మనలో చాలామంది చేసే మొదటి పని, తొలి రౌండు జరిగే ట్రాకును తెరిచి, వేళకు అన్నం కూడా తినకుండా ల్యాపులు (ట్రాకు చుట్టూ చుట్లు) తిప్పడం. నేను మూడు సీజన్ల పాటు ఆ పనే చేశాను. ఒక్క ల్యాపు వేగం మాత్రమే చూస్తే మా డివిజన్‌లో, అంటే లీగులో మా స్థాయివారిలో, మొదటి ఆరుగురిలో ఉండేవాడిని. సీజన్ ముగిసేసరికి పాయింట్ల పట్టికలో పన్నెండో స్థానం దాటి పైకి వచ్చిన సందర్భం ఒక్కటీ లేదు. మూడో సీజన్ తరువాత కూర్చుని, పోగొట్టుకున్న పాయింట్లన్నిటినీ రౌండ్ల వారీగా రాసి చూసుకుంటే, వేగం చాలక పోయినవి వాటిలో నాలుగో వంతు కూడా లేవని తేలింది. తేదీ పొరపాటు వల్ల ఒక రౌండు, కరెంటు పోయి ఒక రౌండు, ఇంధనం లెక్క తప్పి ఒక రౌండు, మొదటి మలుపులో తొందరపడి రెండు రౌండ్లు పోయాయి. ఎంత సాధన చేసినా ఇవి బాగుపడేవి కావు, ఎందుకంటే వీటి మూలం స్టీరింగ్ దగ్గర లేదు. సీజన్ మొదలయ్యే ముందే ఒక పూట కాగితం, పెన్ను పట్టుకుని ఆలోచిస్తే వీటిలో చాలా భాగం తప్పించుకోవచ్చు. ఆ ముందస్తు అంచనాను ఎలా తయారుచేసుకోవాలో, ముఖ్యంగా తిరుపతిలోనో చిత్తూరులోనో ఇంట్లో కూర్చుని ఆడేవారు ఏయే విషయాలు చూసుకోవాలో ఇక్కడ వివరిస్తాను.

రెండో డివిజన్ స్వభావాన్ని ముందు అర్థం చేసుకోవాలి. మొదటి డివిజన్‌లో వేగంతోపాటు నిలకడ కూడా ఉంటుంది కాబట్టి అక్కడి పోరాటం సెకనులో పదో వంతు కోసం జరుగుతుంది. మూడో డివిజన్‌లో వేగమే తక్కువ కాబట్టి ప్రమాదాలు జరిగినా నష్టం తక్కువ. రెండో డివిజన్‌లో వేగం దండిగా ఉంటుంది, ఓపిక ఉండదు. పైనుంచి దిగిపోయినవారు తొందరగా తిరిగి ఎక్కాలని, కిందినుంచి ఎక్కి వచ్చినవారు తమ సత్తా చూపాలని, మధ్యలో రెండు మూడేళ్లుగా చిక్కుకుపోయినవారు ఈసారైనా బయటపడాలని తాపత్రయపడతారు. అందువల్ల ఈ డివిజన్‌లో పైకి వెళ్లేది అందరికంటే వేగమైనవారు కాక, ఎక్కువ రేసులను పూర్తిచేసినవారు కావడం తరచు చూస్తాం.

పాయింట్ల నిబంధన

లీగు నియమావళిలో అన్నిటికంటే ముందు చదవవలసినవి పాయింట్ల విధానం, డ్రాప్ రౌండ్ల సంఖ్య. చాలా లీగులు ఫార్ములా వన్‌లో 2010 నుంచి అమలులో ఉన్న 25, 18, 15, 12, 10, 8, 6, 4, 2, 1 అనే వరుసనే వాడుకుంటాయి. కొన్ని లీగులు ఇరవయ్యో స్థానం వరకు పాయింట్లు ఇస్తాయి. డ్రాప్ రౌండ్ అంటే, సీజన్ చివర ప్రతి ఒక్కరి ఖాతాలో అతి తక్కువ పాయింట్లు వచ్చిన రౌండును లెక్కనుంచి తీసివేయడం. ఈ ఒక్క నిబంధన మీరు సీజనంతా ఎలా నడపాలో నిర్ణయిస్తుంది.

ఎనిమిది రౌండ్ల సీజన్ అనుకుందాం. ఒకరు ప్రతి రౌండులోనూ నాలుగో స్థానంలో ముగించారు. మరొకరు మూడు రేసులు గెలిచి, రెండింటిలో ఎనిమిదో స్థానంలో నిలిచి, మూడింటిలో గుద్దుకుని బయటికి వచ్చేశారు. డ్రాప్ రౌండు లేకపోతే మొదటివారికి 96, రెండోవారికి 83 పాయింట్లు వస్తాయి. ఒక రౌండును తీసివేస్తే మొదటివారికి 84, రెండోవారికి అదే 83. అంటే ఒక్క పాయింటు తేడా. రెండు రౌండ్లను తీసివేస్తే మొదటివారు 72కు పడిపోతారు, రెండోవారు 83 దగ్గరే ఉంటారు. డ్రైవర్లు వాళ్లే, ఫలితాలు అవే, నియమావళిలో ఒక అంకె మారితే పైకి వెళ్లేవారు మారిపోయారు. మీ లీగులో డ్రాప్ రౌండ్లు రెండు ఉంటే కొన్ని రేసుల్లో సాహసం చేయవచ్చు. ఒక్కటీ లేకపోతే సాహసం అనే మాటను ఆఖరి రౌండు వరకు పక్కన పెట్టాలి. ఈ డ్రాప్ రౌండును సాహసానికే ఖర్చుచేయవలసిన అవసరం లేదని, ఇంట్లో పెళ్లికి వెళ్లవలసి వచ్చిన రోజుకు కూడా అది పనికివస్తుందని గుర్తుంచుకుంటే క్యాలెండర్ తయారుచేయడం సులభమవుతుంది.

దాని తరువాత ప్రమోషన్ (పై డివిజన్‌కు ఎక్కడం) ఎంతమందికి, రెలిగేషన్ (కింది డివిజన్‌కు దిగడం) ఎంతమందికి అన్నది చూసుకోండి. గత సీజన్‌లో ప్రమోషన్ పొందిన ఆఖరి వ్యక్తికి ఎన్ని పాయింట్లు వచ్చాయో రాసిపెట్టుకోండి. ఛాంపియన్‌కు వచ్చిన పాయింట్లతో మీకు పని లేదు. మీరు దాటవలసిన గడప ఆ ఆఖరి వ్యక్తి పాయింట్లే.

తేదీలు, వేళలు

ఇక్కడ నా అనుభవం కొంత చెప్పక తప్పదు. నేను చేరిన లీగు బ్రిటన్ కాలమానం ప్రకారం గురువారం రాత్రి 8 గంటలకు రేసు పెట్టేది. అక్కడ వేసవి కాలమానం నడిచే నెలల్లో అది మనకు గురువారం అర్ధరాత్రి దాటాక, అంటే తేదీ ప్రకారం శుక్రవారం 12 గంటల 30 నిమిషాలు. నేను ‘శుక్రవారం పన్నెండున్నర’ అని రాసుకుని, శుక్రవారం రాత్రి భోంచేసి, పెడళ్లు తుడుచుకుని, తీరిగ్గా కూర్చున్నాను. సర్వరులో ఎవరూ లేరు. రేసు ముగిసి అప్పటికి దాదాపు ఒక రోజు గడిచిపోయింది. మన వాడుకలో రోజు సూర్యోదయంతో మారుతుంది గాని అర్ధరాత్రి మారదు; అందుకే క్యాలెండర్‌లో తేదీ వేయడంతోపాటు ‘గురువారం రాత్రి అన్నం తిన్న తరువాత’ అని కూడా రాసుకోవాలని అప్పటి నుంచి నియమం పెట్టుకున్నాను.

ఐరోపా లీగుల్లో ఆడేవారు మరొక విషయం గమనించాలి. బ్రిటన్‌లోనూ ఐరోపా దేశాల్లోనూ అక్టోబరు చివరి ఆదివారం గడియారాలను ఒక గంట వెనక్కి తిప్పుతారు. సెప్టెంబరులో మొదలై డిసెంబరులో ముగిసే సీజన్ అయితే, తొలి సగం 12.30కి, మలి సగం 1.30కి నడుస్తుంది. అమెరికాలో ఈ మార్పు నవంబరు మొదటి ఆదివారం వస్తుంది కాబట్టి మధ్యలో ఉన్న వారంలో రెండు ప్రాంతాల లీగులు ఆడేవారికి లెక్క తారుమారవుతుంది. ఆస్ట్రేలియాలో అక్టోబరు మొదటి ఆదివారం గడియారం ముందుకు జరుగుతుంది. సిడ్నీలో రాత్రి 8 గంటల రేసు మనకు అంతకుముందు మధ్యాహ్నం 3.30కి ఉండేది, ఆ తరువాత 2.30కి వస్తుంది. ఉద్యోగస్థులకు ఆదివారం తప్ప ఈ వేళ కుదరదు.

ఇక మన ఊరి క్యాలెండర్‌ను లీగు క్యాలెండర్ పక్కన పెట్టుకోవాలి. తిరుపతిలో సొంత ఇల్లున్నవారికి దర్శనానికి వచ్చే చుట్టాలకు కొదవ ఉండదు. బ్రహ్మోత్సవాల రోజుల్లో, దసరా సెలవుల్లో రిగ్ (స్టీరింగ్, పెడళ్లు, కుర్చీ కలిపిన అమరిక) పెట్టుకున్న గదే చుట్టాల పడక గది అవుతుంది. గరుడసేవ చూసి అలసిపోయి వచ్చి పడుకున్న పెద్దమ్మ తల దగ్గర అర్ధరాత్రి ఒంటిగంటకు బ్రేక్ పెడల్‌ను బలంగా తొక్కడం భావ్యం కాదు. అధికమాసం వచ్చిన ఏడు బ్రహ్మోత్సవాలు రెండుసార్లు జరుగుతాయి కాబట్టి ఆ ఏడు మరింత ముందుచూపు అవసరం. ఇటువంటి రౌండు ఒకటి ఉందని ముందే తెలిస్తే డ్రాప్ రౌండును దానికి కేటాయించవచ్చు, లేదా స్నేహితుడి ఇంట్లో ఆడే ఏర్పాటు చేసుకోవచ్చు. మామూలు రోజుల్లో కూడా పెడళ్ల కింద మందపాటి రబ్బరు చాపో, పీచు పట్టో వేయడం వల్ల కింది వాటాలో ఉన్నవారితో మాట పడవలసిన అవసరం రాదు.

ట్రాకుల వరుస

క్యాలెండర్ తరువాత ట్రాకులను వరుసగా పరిశీలించాలి. ప్రతి రౌండుకు మూడు అంకెలు రాయండి: అన్నీ కలిసివస్తే వచ్చే పాయింట్లు, మామూలుగా రాగల పాయింట్లు, చెడిపోతే వచ్చేవి. మూడో అంకె చాలా చోట్ల సున్నాయే అవుతుంది గాని, అది ఎక్కడ సున్నా అయ్యే అవకాశం ఎక్కువో గుర్తించడమే ఈ పరిశీలన ఉద్దేశం. ఉదాహరణకు జీటీ3 కార్లతో (రోడ్డు కార్ల ఆధారంగా తయారైన రేసు కార్ల తరగతి), 2019లో ఇటలీకి చెందిన కునోస్ సంస్థ పూర్తిగా విడుదల చేసిన అసెట్టో కోర్సా కాంపెటిజియోనె అనే ఆటలో ఎనిమిది రౌండ్ల సీజన్‌ను ఊహించుకుందాం: మోంజా, హంగరోరింగ్, సిల్వర్‌స్టోన్, స్పా, బార్సిలోనా, సుజుకా, ఇమోలా, బాథర్స్ట్.

మోంజాతో సీజన్ మొదలవడం రెండో డివిజన్‌కు మంచి శకునం కాదు. 5.793 కిలోమీటర్ల ఈ ట్రాకులో మొదటి మలుపు ఒక ఇరుకైన చికేన్, అంటే వెంటవెంటనే అటూ ఇటూ తిరిగే జంట మలుపు. పొడవైన తిన్నని దారి మీద గంటకు 250 కిలోమీటర్లు దాటి వచ్చిన కార్లు అక్కడ ఒక్కసారిగా బాగా నెమ్మదించాలి. మొదటి ల్యాపులో పాతిక కార్లు గుంపుగా అక్కడికి చేరుతాయి, టైర్లు ఇంకా వేడెక్కవు, ముందున్న కారు గాలిని చీల్చుకుంటూ పోతున్నందువల్ల వెనుక కారు మరింత వేగంగా వస్తుంది, పైగా ముక్కు భాగం మీద గాలి ఒత్తిడి తగ్గి బ్రేకు కూడా పూర్తిగా పట్టదు. సాధనలో ఒంటరిగా తిరిగినప్పుడు దొరికిన బ్రేకింగ్ గుర్తును ఆ ల్యాపులో నమ్ముకున్నవారు ముందున్న కారు డిక్కీలోకి వెళ్లి ఆగుతారు. నేను రెండుసార్లు ఆగాను. ఇప్పుడు మొదటి ల్యాపులో కనీసం ఒక కారు పొడవు ఎడం ఉంచి, నాలుగు కార్ల పొడవు ముందుగానే బ్రేకు తొక్కి, లోపలి వైపు ఎవరైనా దూరితే దారి ఇచ్చేస్తాను. అలా ఒకటి రెండు స్థానాలు పోతాయి. చికేన్ దాటేసరికి గుద్దుకుని పక్కకు పోయినవారి వల్ల మూడు నాలుగు స్థానాలు తిరిగి వస్తాయి. మోంజాకు మామూలు అంచనాగా ఏడో స్థానం, అంటే 6 పాయింట్లు రాసుకుంటే చాలు.

హంగరోరింగ్, ఇమోలాలలో దాటడం కష్టం కాబట్టి అక్కడ క్వాలిఫైయింగ్‌కే (రేసులో ఎవరు ఏ స్థానం నుంచి బయలుదేరాలో తేల్చే ల్యాపులకే) ఎక్కువ సాధన కేటాయించాలి. సిల్వర్‌స్టోన్‌లో వేగమైన మలుపులు ఎక్కువ. కొత్తగా పైకి వచ్చినవారు అక్కడే దారి తప్పుతారు. బార్సిలోనాలో పొడవైన కుడి మలుపుల వల్ల ఎడమ ముందు టైరు త్వరగా అరిగిపోతుంది, కాబట్టి ఒక్క ల్యాపు వేగాన్ని అక్కడ ఏమాత్రం నమ్మకూడదు.

స్పా 7.004 కిలోమీటర్ల పొడవు ఉంటుంది. జీటీ3 కారుతో ఒక ల్యాపుకు రెండు నిమిషాల పద్దెనిమిది సెకన్ల ప్రాంతంలో పడుతుంది. గంట రేసులో తిరిగేది దాదాపు 27 ల్యాపులే. ల్యాపులు తక్కువ కాబట్టి చేసిన తప్పును దిద్దుకునే అవకాశాలు కూడా తక్కువే. ల్యాపు మొదట్లో కారు దెబ్బతింటే పిట్ (కారును బాగుచేసే చోటు) వరకు కుంటుకుంటూ రావడానికే మూడు నాలుగు నిమిషాలు పోతాయి. ఎక్కే వంపులో, అంటే ఓ రూజ్ నుంచి రైడిలాన్ వరకు, పక్కపక్కనే రెండు కార్లు పోవడం సాధ్యమేనని చూపాలనుకునేవారు ప్రతి రేసులోనూ ఒకరిద్దరు ఉంటారు. వారికి ఆ సంతృప్తిని వదిలేసి, తరువాత వచ్చే కెమ్మెల్ తిన్నని దారిలో వారి వెనుక నీడలో చేరి దాటడం తేలిక.

సుజుకా ఎనిమిది అంకె ఆకారంలో ఉండే ట్రాకు. మొదటి సగంలోని ఎస్ మలుపుల్లో లయ కుదిరితే చాలు, తక్కిన దారి దానంతట అది నడిచిపోతుంది.

బాథర్స్ట్ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. ఆస్ట్రేలియాలోని ఈ మౌంట్ పనోరమా ట్రాకు 6.213 కిలోమీటర్ల దూరంలో 174 మీటర్లు ఎక్కి దిగుతుంది. రేసులు లేని రోజుల్లో అది మామూలు రోడ్డు. గంటకు 60 కిలోమీటర్ల వేగ పరిమితితో ఎవరైనా వెళ్లవచ్చు. కొండ పైభాగంలో దారి ఇరుకు, రెండు పక్కలా గోడలు, అవతలి మలుపు కనిపించదు. తిరుమల మొదటి ఘాట్ రోడ్డులో దిగిన అలవాటు ఉన్నవారికి ఈ భయం కొత్త కాదు. 1944లో మొదలైన ఆ దారి మీద మనం నేర్చుకునేది వేగం కాదు, కనిపించని మలుపు అవతల ఏదో ఒకటి ఆగి ఉంటుందని ముందే అనుకోవడం. బాథర్స్ట్ పైభాగంలో ఒక కారు అడ్డం తిరిగితే వెనుక వచ్చే పదిమందికి తప్పుకునే చోటు ఉండదు, కాబట్టి పసుపు జెండా కనిపించగానే పాదం ఎత్తేవారే ఆ రేసును పూర్తిచేస్తారు. సీజన్ ఆఖరి రౌండు ఇక్కడ పడితే మన ప్రత్యర్థుల్లో ముగ్గురు నలుగురు తప్పకుండా సున్నాతో వెళతారు. అందుకే ఈ రౌండుకు నేను నాలుగో స్థానం, 12 పాయింట్లు ధైర్యంగా రాసుకుంటాను.

ఇలా మామూలు అంచనాలను వరుసగా 6, 8, 10, 6, 10, 8, 8, 12 అని వేసుకుంటే మొత్తం 68 అవుతుంది. గత సీజన్‌లో ప్రమోషన్ గడప 75 దగ్గర ఉందనుకుంటే, ఇంకా ఏడు పాయింట్లు ఎక్కడ దొరుకుతాయో ఇప్పుడే వెతుక్కోవాలి. అన్ని చోట్లా కొంచెం కొంచెం పెంచుకుందామనుకుంటే ఎక్కడా పెరగవు. హంగరోరింగ్‌లో ఆరో స్థానాన్ని మూడో స్థానం చేయగలిగితే 8 కాస్తా 15 అయి ఆ ఏడూ అక్కడే వచ్చేస్తాయి. అందుకు క్వాలిఫైయింగ్ సాధన ఒక్కటే మార్గం అని తేలితే, ఆ నెల సమయాన్ని అక్కడ పెట్టండి.

కారు ఎంపికలో కూడా ఇదే పట్టిక ఉపయోగపడుతుంది. మీకు బాగా వచ్చిన ట్రాకులో వేగంగా పోయే కారును ఎంచుకోవడం సహజమైన పొరపాటు. మీకు రాని ట్రాకులో మిమ్మల్ని రోడ్డు మీద నిలబెట్టే కారును ఎంచుకోండి. ఇంజను వెనుక ఉండే పోర్షే 911 అలవాటైనవారి చేతిలో అద్భుతంగా నడుస్తుంది గాని, అర్ధరాత్రి అలసటలో బ్రేకు మీద పాదం ఒక్క క్షణం తప్పుగా తీస్తే తిరగబడుతుంది. ఇంజను ముందుండే బీఎండబ్ల్యూ ఎం4, మెర్సిడెస్ ఏఎంజీ లాంటివి కాస్త ఓర్పు చూపుతాయి. సీజన్ మధ్యలో కారు మార్చడాన్ని చాలా లీగులు ఒప్పుకోవు. ఒప్పుకున్నా మార్చవద్దని నా సలహా.

ప్రత్యర్థులు

గత సీజన్ ఫలితాల పట్టికలు తీసుకుని, ప్రతి ఒక్కరి పేరు పక్కన వారి అతి మంచి ల్యాపును రాయకండి. ఎన్ని రేసులు పూర్తిచేశారో రాయండి. మొదటి డివిజన్ నుంచి దిగినవారు తొలి రెండు రౌండ్లలో ఎదురులేకుండా కనిపిస్తారు. మూడో రౌండులో వారిని ఎవరైనా అడ్డుకుంటే అసహనం మొదలవుతుంది. కింది డివిజన్ నుంచి వచ్చినవారు మొదట్లో తడబడి, నాలుగో రౌండు నుంచి కుదురుకుంటారు. మీరు అసలు కనిపెట్టవలసినది ఎనిమిదింటిలో ఏడు రేసులు పూర్తిచేసి, ఎప్పుడూ ఐదుకు, తొమ్మిదికి మధ్య ముగించిన మనిషిని. సీజన్ ముగిసేసరికి ఆ మనిషి మీ పైనే ఉంటాడు. అతని రీప్లేలు చూడండి; ఎక్కడ దారి ఇస్తాడో, ఎక్కడ ఇవ్వడో గమనించండి.

ఇంధనం, టైర్లు

సమయం ప్రకారం జరిగే రేసుల్లో ఇంధనం లెక్కను మీ వేగంతో వేయకూడదు, ముందు నడిచేవారి వేగంతో వేయాలి. మోంజాలో గంట రేసు అనుకోండి. ముందున్న కారు ప్రతి ల్యాపును 1 నిమిషం 49.1 సెకన్లలో తిరిగితే 33 ల్యాపులకు 3600.3 సెకన్లు అవుతాయి. గంట దాటింది కాబట్టి రేసు అక్కడే ముగుస్తుంది. అదే కారు సరిగ్గా 1 నిమిషం 49 సెకన్లలో తిరిగితే 33 ల్యాపులు 3597 సెకన్లలో అయిపోయి, ఇంకా మూడు సెకన్లు మిగిలి ఉంటాయి. అందువల్ల 34వ ల్యాపు కూడా తిరగాలి. ల్యాపుకు సెకనులో పదో వంతు తేడా మొత్తం ఒక ల్యాపు ఇంధనాన్ని అడుగుతుంది. ప్రాక్టీసులో మీ కారుకు ల్యాపుకు 3.1 లీటర్లు పడుతున్నాయనుకుంటే, 34 ల్యాపులకు 105.4, ఫార్మేషన్ ల్యాపుకు (రేసు మొదలయ్యే ముందు వరుసగా తిరిగే చుట్టుకు) ఒకటి, భద్రతకు ఒకటి కలిపి 36 ల్యాపులకు 111.6 లీటర్లు, అంటే 112 పోసుకోవాలి. మూడు లీటర్లు ఎక్కువైతే కారు ల్యాపుకు కొద్దిగా నెమ్మదిస్తుంది. తక్కువైతే ఆఖరి ల్యాపులో రోడ్డు పక్కన నిలబడి అందరూ వెళ్లిపోవడం చూడవలసి వస్తుంది. ఆ దృశ్యం నాకు బాగా తెలుసు.

టైర్ల విషయంలో, అసెట్టో కోర్సా కాంపెటిజియోనె 1.9 వెర్షన్ తరువాత జీటీ3 కార్ల పొడి టైర్లు వేడెక్కినప్పుడు వాటిలో గాలి ఒత్తిడి 26 నుంచి 27 పీఎస్ఐ మధ్య ఉంటే మంచి పట్టు ఇస్తాయి. సర్వరులో గాలి ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెరిగితే ఒత్తిడి సుమారు 0.1 పీఎస్ఐ పెరుగుతుందన్నది ఆటగాళ్లు వాడే మోటు లెక్క. మీరు 22 డిగ్రీల్లో సాధన చేసి, రేసును 28 డిగ్రీల్లో పెడితే 0.6 పీఎస్ఐ తగ్గించి బయలుదేరాలి. ఏప్రిల్, మే నెలల్లో మన గది ఉష్ణోగ్రత నలభై దాటినా సర్వరులోని టైరుకు సంబంధం లేదు. సంబంధం ఉన్నది చెమటకు జారే స్టీరింగ్‌కు. ఒక జత పల్చని చేతితొడుగులు కొనుక్కోండి.

పిట్‌లోకి వచ్చేటప్పుడు వేగ పరిమితి మీరడం రెండో డివిజన్‌లో అతి తరచుగా పడే శిక్ష. తిరుమల ఘాట్ రోడ్డు మీద ఎక్కడానికి 28 నిమిషాలు, దిగడానికి 40 నిమిషాలు కనీస సమయంగా పెట్టి, అంతకంటే ముందు చేరినవారికి జరిమానా వేస్తారని తెలిసిన ఊరివాళ్లం మనం. తొందరగా చేరినందుకే శిక్ష పడే చోటు ఒకటి ఉంటుందని మనకు ఎవరూ కొత్తగా చెప్పనక్కరలేదు. అయినా పిట్ గీతకు ముందు లిమిటర్ (వేగాన్ని పరిమితిలో ఉంచే) మీట నొక్కడాన్ని రోజుకు పదిసార్లు విడిగా సాధన చేయండి.

కరెంటు, నెట్

సెప్టెంబరు నుంచి డిసెంబరు వరకు నడిచే సీజన్ అంటే మన ప్రాంతానికి ఈశాన్య రుతుపవనాల కాలం. 2021 నవంబరులో తిరుపతి వీధులు నదులైన రోజులు ఎవరూ మరిచిపోలేదు. ఆ స్థాయి వాన రాకపోయినా, ఒక గాలివాన రాత్రి కరెంటు రెండు క్షణాలు పోయి రావడం మామూలే.

నా విషయంలో జరిగింది చెబుతాను. కంప్యూటర్‌ను, మానిటర్‌ను, స్టీరింగ్‌ను ఇన్వర్టరు లైనుకు కలిపి, ఇక భయం లేదనుకున్నాను. సుజుకా రేసులో ఐదో స్థానంలో ఉండగా కరెంటు పోయింది. తెర వెలుగుతూనే ఉంది, కారు నడుస్తూనే ఉంది, కాని ముందున్న కార్లన్నీ ఒక్కసారిగా ఆగి, గాలిలో తేలి, మాయమయ్యాయి. హాల్లో టీవీ వెనుక ఉన్న ఇంటర్నెట్ పెట్టెను ఇన్వర్టరుకు కలపడం మరిచిపోయాను. ఆ పెట్టెలు చాలావరకు 12 వోల్టుల మీద నడుస్తాయి. వాటికోసమే అమ్మే చిన్న బ్యాటరీ యూపీఎస్ ఒకటి పెట్టుకుంటే ఈ సమస్య తీరిపోతుంది.

ఇన్వర్టరు మీద యూపీఎస్ మోడ్ అనే మీట ఉంటే దానిని తప్పక ఆ వైపు పెట్టండి. మామూలు మోడ్‌లో కరెంటు నుంచి బ్యాటరీకి మారడానికి పట్టే వ్యవధిలో ఫ్యాను ఆగదు గాని కంప్యూటర్ రీస్టార్ట్ కావచ్చు. స్టీరింగ్ ఒక్క క్షణం ఆరి వెలిగినా, అది తన మధ్య స్థానాన్ని మళ్లీ వెతుక్కుంటూ కుడికి, ఎడమకు పూర్తిగా తిరగవచ్చు. అప్పుడు చేతులు దూరంగా పెట్టాలి. సీజన్‌కు ముందు ఒక రోజు ప్రాక్టీసు మధ్యలో మెయిన్ స్విచ్‌ను కావాలని ఆపి చూడండి. ఇంట్లోవాళ్లకు ముందే చెప్పి చేయడం మంచిది. ఇన్వర్టరు మీద నడుస్తుండగా ఎవరూ మిక్సీ వేయకుండా చూసుకోవడం కూడా ఆ మాటల్లోనే కలిపేయవచ్చు.

నెట్ విషయానికి వస్తే, ఫైబర్‌లో కాంతి సెకనుకు సుమారు రెండు లక్షల కిలోమీటర్లు పోతుంది. చెన్నై నుంచి జర్మనీకి నేరుగా గీత గీసినా ఏడు వేల కిలోమీటర్లకు పైనే ఉంటుంది కాబట్టి, పోయి రావడానికి 70 మిల్లీసెకన్లకు తగ్గదు. అసలు దారి మెలికలు తిరుగుతుంది కాబట్టి చేతికి అందేది దానికి రెట్టింపు లేదా అంతకంటే ఎక్కువ. సముద్రగర్భ కేబుళ్లు చెన్నైలో ఒడ్డుకు చేరుతున్నందువల్ల తిరుపతివాసులకు సింగపూర్ సర్వర్లు మాత్రం కొంత అనుకూలం. అయితే పింగ్, అంటే సమాచారం సర్వరుకు పోయి వచ్చే వ్యవధి, 150 మిల్లీసెకన్లు ఉన్నా నిలకడగా ఉంటే రేసు చేయవచ్చు. 60కి, 200కు మధ్య ఊగిసలాడితే మీ కారు ఇతరుల తెరల మీద గెంతుతుంది, గుద్దకపోయినా గుద్దినట్టు కనిపిస్తుంది. వైఫై మానేసి ల్యాన్ కేబుల్ వేసుకోండి. రేసు వేళకు, అంటే నిజంగా అర్ధరాత్రి పన్నెండున్నరకు, పది నిమిషాల పాటు పింగ్ కొలిచి ఆ అంకెను పట్టికలో రాసుకోండి. సాయంత్రం ఏడుకు కొలిచిన అంకె ఏ పనికీ రాదు.

తొలి రౌండు వారం

అంతవరకు వచ్చాక సాధన మొదలుపెట్టవచ్చు. నిండు ట్యాంకుతో ఇరవై ల్యాపులు ఆపకుండా తిరిగి, అతి మంచి ల్యాపుకు, అతి చెడ్డ ల్యాపుకు మధ్య ఎంత తేడా ఉందో చూడండి. తేడా ఒక సెకను లోపు వచ్చేదాకా సెటప్‌ను (కారు సర్దుబాట్లను) ముట్టుకోకండి, ఎందుకంటే అప్పటివరకు మార్పు వల్ల కలిగిన లాభాన్ని మీ చేతి తడబాటు నుంచి వేరుచేసి చూడలేరు. ఒక రోజు బహిరంగ సర్వరులో గుంపు మధ్య తిరగండి. మరొక రోజు అసలు స్టీరింగ్ ముట్టకుండా నియమావళిలోని దాటే నిబంధనలను, ట్రాకు బయటికి పోయినవారు తిరిగి ఎలా రావాలన్న నిబంధనను మళ్లీ చదవండి; స్టీవార్డులకు (రేసులో తప్పొప్పులు తేల్చేవారికి) ఫిర్యాదు పంపే గడువు ఎన్ని గంటలో కూడా అక్కడే ఉంటుంది.

రేసు ముగిసిన వెంటనే, కుర్చీలోంచి లేవకముందే రీప్లేను సేవ్ చేయండి. ఎవరైనా మిమ్మల్ని గుద్దితే ఆ క్షణం నిమిషాలు, సెకన్లతో రాసి పెట్టుకుని, ఫిర్యాదును మాత్రం మరునాడు ఉదయం కాఫీ తాగిన తరువాత రాయండి. తెల్లవారుజామున రెండు గంటలకు రాసిన ఫిర్యాదుల్లో సగం మన తప్పునే రుజువు చేస్తాయి. ఆ తరువాత పట్టికలో మోంజా వరుసలో మామూలు అంచనా 6కు ఎదురుగా నిజంగా వచ్చిన అంకె వేసి, తేడా ఎందుకు వచ్చిందో నాలుగు మాటల్లో రాసి, హంగరోరింగ్ రోజున ఇంటికి ఎవరు వస్తున్నారో అమ్మను అడగండి.